దినాల బియ్యం

"గిన్ని బియ్యం ఎవలు తింటరు?" అని చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ కిషన్‌లాల్ అడిగినప్పుడు మా నాన్న సీతయ్య నిజం చెప్పాడు.

"వచ్చినోళ్లందరు తింటరు సార్."

అబద్ధం చెప్పి ఉంటే ఆ సాయంత్రం మేం బియ్యంతోనే ఇల్లు చేరేవాళ్లం. ఇంటి మందికనో, పక్క ఊరి చుట్టాలకనో అంటే సరిపోయేది. కానీ దినాల బియ్యం పక్కన నిలబడి మా కోయవాళ్లెవరూ ఆ మాట అనరు. పోయిన మనిషి పేరున వండే అన్నానికి పిలుపులుండవు. డోలు మోగుతుంది, విన్నవాళ్లు వస్తారు. ఫలానా వాళ్లకే అని ముందుగా అనుకోవడమంటే రాబోయే వాళ్లలో ఎవరినో ఒకరిని వద్దనుకోవడమే. అలా వద్దనుకుని వండిన అన్నం పోయినవాడికి అందదని మా నమ్మకం.

పోయినవాడు మా తాత జోగయ్య. మరునాడే ఆయన దినం. గుంపు అంటే మా కోయపల్లె. దాని చివర రాయి నిలిపి, పొద్దు వాలకముందే దాని ముందు అన్నం పెట్టాలి. అప్పుడే తాత పెద్దల్లో కలుస్తాడు. లేకపోతే ఇంటి చుట్టూ ఆకలితో తిరుగుతుంటాడని మా నాయనమ్మ జంపక్క చెబుతుంది. నువ్వు డిగ్రీ చదివావు కదా, ఇవన్నీ నమ్ముతావా అని తోటి టీచర్లు నన్ను అడుగుతుంటారు. నమ్మకం సంగతి నాకు తెలియదు. తాత ఆకలితో తిరుగుతున్నాడన్న ఊహను మాత్రం నేను ఓర్చుకోలేను.

కిషన్‌లాల్ ట్రాలీ ఆటో చుట్టూ తిరిగి బస్తాలను లాఠీతో పొడిచి చూశాడు. నూనె డబ్బాలు, ఉల్లిగడ్డల సంచీ, విస్తరాకుల కట్టలు కూడా ఉన్నాయి.

"వచ్చినోళ్లందరంటే? అడివిల ఉన్నోళ్లు గూడనా?"

"ఆకలైనోడు ఆకు ముందట కూసుంటే లేవమనం సార్. మీరొచ్చినా ఆకేస్తం" అన్నాడు నాన్న. మర్యాద చేస్తున్నాననుకున్నాడు.

ఆటో నడుపుతున్న మా వీరబాబు బావ తల పట్టుకున్నాడు. "మామా, నీకు దండం పెడత. గా ఒక్క ముక్క మింగరాదా? సంతల బేరం ఆడేటప్పుడు నోరు లేవదు, ఈడ మాత్రం మస్తు లేస్తది."

"తప్పేమన్ననురా?"

"తప్పు గాదు మామా. సత్యం అన్నవ్. అందుకే ఆగినం."

కిషన్‌లాల్‌కు నవ్వొచ్చింది గానీ గేటు కర్ర ఎత్తలేదు. ఆ నెలలో నక్సలైట్ల కోసం రాష్ట్ర సరిహద్దు అవతలి కొండల్లోకి బలగాలు దిగి ఉన్నాయి. వాగు దాటి ఎక్కువ బియ్యం పోనివ్వొద్దని ఇక్కడి వాళ్లకు ఆదేశం. "నాతోని కాదు. ఎస్సై సార్‌ని అడుగుండ్రి" అని లోపలికి కేక వేశాడు.

రేకుల గదిలోంచి బయటికి వచ్చిన మనిషిని చూసి నా ప్రాణం లేచి వచ్చింది. ఆయన మురళీకృష్ణ సార్. నేను భద్రాచలంలో గ్రూప్స్ కోచింగ్‌కు పోయినప్పుడు మాకు ప్రపంచ చరిత్ర చెప్పిన సార్. సత్తుపల్లి వైపు రైతుల ఇంటి మనిషి. ఎస్సై పరీక్షకు చదువుకుంటూ, ఖర్చులకని మాకు పాఠాలు చెప్పేవాడు. ఇప్పుడు భుజాల మీద నక్షత్రాలున్నాయి.

"ఏంటి ప్రమీలా, నువ్వా? ఏం చేస్తున్నావిప్పుడు?"

"ఆశ్రమ పాఠశాలల కాంట్రాక్ట్ టీచర్‌గా చేస్తున్న సార్."

"గుడ్. నువ్వు బాగా చదివేదానివి. ప్రశ్నలే ఎక్కువ."

ఇక పని అయిపోయినట్టేనని నేను అనుకున్నాను.

సార్ మంచి మాస్టారు. ఆయన చెప్పిన పాఠాల్లో నాకు బాగా గుర్తున్నది కమ్యూనిజాన్ని కట్టడి చేసే విధానం గురించి చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే మాస్కోలో పనిచేస్తున్న ఒక అమెరికా రాయబార ఉద్యోగి, జబ్బుపడి మంచంలో ఉండి, తన ప్రభుత్వానికి చాలా పొడవైన టెలిగ్రాం పంపాడట. రష్యాతో యుద్ధం అక్కర్లేదు, లొంగనూ అక్కర్లేదు, వాళ్లు ఎటు అడుగేస్తే అటు ఓపికగా అడ్డం నిలబడుతూ పోతే చాలు, చివరికి వాళ్ల వ్యవస్థ లోపలే మెత్తబడుతుందని ఆయన ఆలోచన. టెలిగ్రాంలోనూ, ఆ మరుసటి ఏడు పేరు పెట్టుకోకుండా రాసిన వ్యాసంలోనూ అదే చెప్పాడట. ఆ ఏడే బ్రిటిష్ వాళ్లు గ్రీసు ప్రభుత్వాన్ని ఇక మోయలేమని చేతులెత్తేశారు. అమెరికా అధ్యక్షుడు వాళ్ల సభలో నిలబడి గ్రీసుకూ టర్కీకీ సాయం చేయాలని కోరాడు. "బుట్టలో ఒక్క పండు కుళ్లితే మిగతావన్నీ కుళ్లిపోతాయని వాళ్ల పెద్దలు భయపడ్డారు. అక్కడ ఆపిల్ అన్నారు, మీరు మామిడి అనుకోండి" అంటూ సార్ బోర్డు మీద బుట్ట గీశాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మాకిచ్చిన గైడ్‌లో ఆ పాఠం చివర ఒక వాక్యం ఉంది. గెరిల్లాలకు తిండి అందకుండా గ్రీసు ప్రభుత్వం కొండ గ్రామాలను ఖాళీ చేయించిందని. అంతే, ఆ తర్వాత వేరే పాఠం. నేను లేచి "ఆ ఊళ్లోళ్లు ఏమైండ్రు సార్?" అని అడిగాను. సార్ చిరాకు పడలేదు. "అది ఎగ్జామ్‌లో రాదమ్మా. ఎవరు ప్రకటించారు, ఏ సంవత్సరం, ఇదే వస్తుంది" అన్నాడు.

ఆ వారం ఇంటికి వచ్చినప్పుడు ఇప్పపువ్వు ఆరబోస్తున్న నాయనమ్మకు ఈ సంగతి చెప్పాను. గ్రీసు ఎక్కడుందని ఆమె అడగలేదు. "గట్లయితే గాళ్లు గూడ మనసొంటోళ్లే" అంది. తర్వాత తన అత్త చెప్పిన మాటలు చెప్పింది. తెలంగాణలో సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో, దళాలకు అన్నం పెడుతున్నారని సైన్యం అడవిలోని మా గుంపును కాల్చేసి, అందరినీ రోడ్డు పక్కకు తోలుకొచ్చి కంచె లోపల ఉంచింది. బియ్యం మనిషికింత అని కొలిచి పోసేవాళ్లు. గుప్పెడు ఎక్కువైతే అడివిలోకి పోతాయని వాళ్ల భయం. తాత పుట్టింది ఆ కంచె లోపలే. బాలింతకు ఇంకో గుప్పెడు పోయమని అడిగితే, కొత్తగా పుట్టినవాడు లెక్కలో లేడన్నారట.

అమెరికాలో పుట్టిన ఆలోచనకూ తాత తల్లికి దక్కని ఆ గుప్పెడు గింజలకూ సంబంధం ఉందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఉందని చెప్పను. మా గుంపు గురించి ఎవరూ ఎవరికీ టెలిగ్రాం పంపి ఉండరు. కానీ అడవిలో ఉన్నవాడికి భయపడి ఇంట్లో ఉన్నవాడి కుండ బోర్లించడం ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకున్నదైతే ఒక కోపం. ఎవరూ నేర్పకుండానే అధికారం ఉన్న ప్రతిచోటా పుట్టుకొచ్చేదైతే ఇంకా పెద్ద కోపం. ఆ టెలిగ్రాం రాసినాయన తర్వాతి కాలంలో, నేను చెప్పింది సైన్యాల మాట కాదు, నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారని వాపోయాడట. వాపోవడానికి ఆయనకు తీరిక దొరికింది. ఖాళీ చేసిన కొండ ఊళ్లలో పొయ్యిలు ఆరిపోయినవాళ్లకు ఆ తీరికైనా ఉందో లేదో.

చెక్‌పోస్టు దగ్గర సార్ బస్తాలను చూసి, నాన్నను చూసి, మళ్లీ నన్ను చూశాడు.

"మీ నాన్నగారన్న మాట కిషన్‌లాల్ చెప్పాడు. అంత మాట విన్నాక నేనెట్లా వదలను చెప్పు?"

"అది మా పద్ధతి సార్. తాత దినం. రేపు పొద్దుగూకే లోపల పెట్టాలె."

"నాకర్థమవుతుందమ్మా. పైవాళ్లకు అర్థం కాదు. సరే, ఒక పని చెయ్యండి. అవతలి నుంచి ఎవరెవరొస్తారో పేర్లు చెప్పండి. విచారించి, రెండు రోజుల్లో పంపించేస్తా."

నాన్న నా వైపు చూశాడు. సరిహద్దు అవతల తాత చెల్లెలు పూలి ఉంది. ఆమె పిల్లలు, వాళ్ల పిల్లలు ఉన్నారు. ఇక్కడి పోలీసు నోటి వెంట వాళ్ల పేర్లు అవతలి బలగాలకు చేరితే, అడవిలోవాళ్లకు అన్నం మోసేవాళ్లని వాళ్ల ఇళ్ల మీద పడతారని మా అందరికీ తెలుసు.

"పేర్లు చెప్పం సార్. ఎవలొస్తరో మాకు తెల్వదు" అన్నాను.

"చూశావా మరి! ప్రమీలా, కోపం తెచ్చుకోకుండా ఆలోచించు. తిండి ఆగితే కొండల్లో వాళ్లే దిగొస్తారు. తుపాకీ పేల్చే పనే లేదు. ఎవరూ చావరు. దీనికంటే మంచి దారి ఉందా?"

"మీరు జెప్పిన పాఠమే సార్ ఇది."

నేను దెప్పిపొడిచాననుకున్నాను. సార్ ముఖం వెలిగిపోయింది. "గుర్తుందా నీకు!" అన్నాడు.

ఆ సంతోషం చూశాకే నాకు ఒళ్లు మండింది. "గ్రీసు ఊళ్లు గూడ గుర్తున్నయి సార్. ఆడ గూడ అన్నమే కదా ఆపింది."

"అది ఫారిన్ పాలసీ. ఇది లా అండ్ ఆర్డర్. రెండూ కలపకూడదు" అని సార్ రేకుల గదిలోకి వెళ్లిపోయాడు. బస్తాలు దింపించి గది గోడవారగా పేర్పించారు. వీరబాబు బావ ఖాళీ ట్రాలీ కదిలిస్తూ, "చదువుకున్న పిల్ల ఉన్నది, మాట్లాడ్తదనుకున్న. నువ్వు మాట్లాడినంక విస్తరాకులు గూడ ఆపిండ్రు" అన్నాడు.

గుంపులో సంగతి విని మా కులపెద్ద పటేల్ తల వంచుకున్నాడు. ఇళ్లన్నీ ఊడ్చినా అంతమందికి సరిపడే గింజలు దొరకవు. దినం వాయిదా వేయడానికీ వీల్లేదు, డోలు మోగింది, అవతలివాళ్లు అప్పటికే నడక మొదలుపెట్టి ఉంటారు. నాయనమ్మ లేచి కొంగు బిగించింది.

"బియ్యం రాకుంటే మనమే పోదం. కుండలు తీయుండ్రి."

"దినం అన్నం గుంపు బయట వండుతమా జంపక్కా? ఎన్నడన్న ఉన్నదా?" అన్నాడు పటేల్.

"ఆయన పుట్టిందే రోడ్డు మీద. దినం అన్నం గూడ ఆడనే ఉడకనీ."

పటేల్ వెళ్లి తన ఇంటి కుండ తెచ్చాడు.

పొద్దున్నే అందరం కుండలు, కట్టెలు, డోళ్లు మోసుకుని చెక్‌పోస్టుకు పోయాం. సార్ బయటికి వచ్చి చూసి మొదట కంగారుపడ్డాడు. నాయనమ్మకు తెలుగు బాగానే వచ్చు గానీ అధికారులతో కోయలోనే మాట్లాడుతుంది. నేను తెలుగులో చెప్పాను. "బియ్యం గేటు దాటొద్దన్నరు. దాటది. ఈడనే వండుకుంటం."

సార్ రోడ్డు వైపు చూశాడు. అడవి నుంచి రోడ్డు మీదికి వచ్చే కాలిదారి వైపు చూశాడు. కొంచెం ఆలోచించి తల ఊపాడు. "మంచిదేగా. వండుకోండి. కిషన్‌లాల్, బస్తాలు ఇచ్చెయ్."

ఇంత తేలికగా ఒప్పుకుంటాడని మేం అనుకోలేదు. నాన్న చేతులు జోడించాడు. నేను కూడా లోపల్లోపల సార్‌ను క్షమించేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టాం. ఆడవాళ్లు ఎసరు పెట్టారు, మగవాళ్లు డోళ్లు అందుకున్నారు. వీరబాబు బావ గేటు కర్ర పైకెత్తి తాడు కట్టి, వాగు నీళ్లు మోస్తూ అటూ ఇటూ తిరిగాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మొదటి కుండ దిగింది. రాయి ముందు తాతకు పెట్టాల్సిన రెండో కుండను పూలి అవ్వ వచ్చేదాకా ముట్టకుండా పక్కన పెట్టాం. చుట్టుపక్కల గుంపుల వాళ్లు వచ్చి వరుసగా కూర్చున్నారు. నాయనమ్మ కిషన్‌లాల్‌కు కూడా ఆకు వేసింది. అతను లోపలికి ఒకసారి చూసి, చెప్పులు విడిచి కూర్చున్నాడు. "మా తండాల గూడ గిట్లనే, అవ్వా. వచ్చినోన్ని లేవగొట్టం" అన్నాడు.

"గదే మాట నిన్న నేనంటే బస్తాలు దింపిస్తివి" అన్నాడు నాన్న.

"నిన్న నేను డ్యూటీల ఉన్న."

"ఇయ్యాల?"

"ఇయ్యాల గూడ డ్యూటీనే. నడుమ ఆకలయింది."

అందరూ నవ్వారు. సార్‌కు కూడా ఆకు వేసి పిలిచాను. ఇప్పుడే తిన్నానన్నాడు. గది గోడకు ఆనుకుని ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికో మెసేజ్ పెడుతున్నాడనుకున్నాను. కొంతసేపటికి గానీ నా కళ్లకు ఆనలేదు. కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నప్పుడల్లా ఫోన్ కొద్దిగా పైకి లేస్తోంది. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి తల ఎత్తిన ప్రతి ముఖమూ అందులోకి పోతోంది.

అప్పుడు అర్థమైంది మమ్మల్ని ఇక్కడ ఎందుకు వండుకోనిచ్చాడో. నిన్న నేను చెప్పని పేర్ల బదులు ఇవాళ ముఖాలు వాటంతట అవే నడిచి వస్తున్నాయి. గేటు వేసి ఆపడం కంటే అన్నం ఉడికించి ఎదురుచూడడం మేలు. ఓపిక కావాలని ఆయనే క్లాసులో చెప్పాడు.

డోలు ఒక్కసారి ఆగింది. కాలిదారి చివర, చెట్ల నీడలో మనుషులు నిలబడి ఉన్నారు. ముందు పూలి అవ్వ. కర్ర పట్టుకుని, తలమీద చిన్న మూటతో. వెనక ఆమె కొడుకులు, కోడళ్లు. రాత్రి ఎక్కడ పడుకున్నారో, ఎన్ని వాగులు దాటారో, కాళ్లనిండా బురద. అన్న దినానికి వచ్చారు. పోలీసు బట్టలు చూశారు, ఫోన్ చూశారు. అక్కడే ఆగిపోయారు.

"రమ్మనండి, భయం దేనికి?" అన్నాడు సార్. ఫోన్ దించలేదు.

నేను ఆయన దగ్గరికి పోయాను. ఇంతకు ముందు ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడినదాన్ని కాదు. "ఫోన్ జేబుల పెట్టుండ్రి సార్. వాళ్లు వచ్చి తింటరు."

"నా డ్యూటీ నేను చేస్తున్నానమ్మా. నేనెవర్నీ ఆపట్లేదుగా."

"మీరాపుతలేరా?"

"రోడ్డు ఖాళీగానే ఉంది. గేటు కూడా ఎత్తే ఉంది, చూడు."

నిజంగానే గేటు ఎత్తి ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. చూసినవాళ్లు ఎవరైనా ఈ మనిషి ఎవరినీ ఆపలేదనే సాక్ష్యం చెబుతారు. అటువైపు ఆ ముసలామె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పుతున్నాడు. తోబుట్టువు దినం అన్నం తినకుండా పోతోంది.

నాయనమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. తడిగుడ్డలు చుట్టి, రెండో కుండను ఒక పక్కన పట్టుకుంది.

"ఎత్తు బిడ్డా."

నేను రెండో పక్క పట్టుకున్నాను. కుండ బరువుగా ఉంది, సెగలు కక్కుతోంది. ఇద్దరం గేటు వైపు నడిచాం.

"ఆగండి. వండింది కూడా అటు పోకూడదు. కిషన్‌లాల్, గేటు దించు" అన్నాడు సార్.

కిషన్‌లాల్ ఆకు ముందు కూర్చుని ఉన్నాడు. ముద్ద చేతిలో ఉంది. మమ్మల్ని చూశాడు, సార్‌ను చూశాడు. తల దించుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలా మెల్లగా నమిలాడు. మేం గేటు దాటాక కూడా ఇంకా నములుతూనే ఉన్నాడు.

"ప్రమీలా! నీది కాంట్రాక్ట్ ఉద్యోగం. గుర్తుపెట్టుకో" అని సార్ వెనక నుంచి కేకేశాడు.

నాయనమ్మకు ఈ మధ్య చెవులు సరిగా వినపడవు. "ఏమంటుండే?" అంది.

"పాఠం జెప్తుండు" అన్నాను.

మా వెనకే ఒక్కొక్కరు లేచారు. డోళ్లవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు. ఫోన్ మా అందరి వీపులనూ తీసుకుని ఉంటుంది, తీసుకోనీ అనుకున్నాను. చెట్ల కిందికి చేరేసరికి పూలి అవ్వ మమ్మల్ని చూసి కూలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. "అన్నకు పెట్టిండ్రా?" అని మాత్రం అడిగింది.

"ఇంక పెట్టలే. నీ కోసమే ఆగినం" అంది నాయనమ్మ.

రోడ్డు వదిలి అడవిదారిన పోయాం. కుండను మోసేవాళ్లు మారారు గానీ నాయనమ్మ తన పక్క ఎవరికీ ఇవ్వలేదు. రాయి దగ్గరికి చేరేసరికి పొద్దు ఇంకా చెట్ల మీదే ఉంది. మొదటి ముద్ద పూలి అవ్వ పెట్టింది, తర్వాత నాయనమ్మ. డోలు మళ్లీ మోగింది. ఆకులు చెక్‌పోస్టు దగ్గరే మిగిలిపోవడంతో వచ్చినవాళ్లందరం దోసిళ్లలో పెట్టుకుని తిన్నాం.

నేను మాత్రం, పిల్లవాడు లెక్కలో లేడన్న మనిషి గురించి, గేటు ఎత్తే ఉందన్న మనిషి గురించి, మంచంలో పడుకుని లోకాన్ని కట్టడి చేసిన మనిషి గురించి ఆలోచిస్తూ దోసిలి అలాగే పట్టుకుని కూర్చున్నాను. సోమవారం బడికి పోతే నా పేరు ఉంటుందో లేదో తెలియదు.

నాయనమ్మ పక్కన కూర్చుని నా మోచేతిని పైకి నెట్టింది.

"తిను బిడ్డా. కడుపు ఖాళీగుంటే కోపం ఎక్కువ దినాలు నిలువది."

తిన్నాను.